కోళ్లన్నీ క్షేమం

అక్కా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. పది రోజులు సెలవు దొరికిందనీ వచ్చే శుక్రవారం బయల్దేరుతున్నాననీ రాశావు. ఎంత సంతోషించానో చెప్పలేను. కాకపోతే ఒక్క మాట. ఇక్కడ పెరటి గోడకి సున్నం వేయిస్తున్నాం, ఇల్లంతా దుమ్ము. నీకు దుమ్ము పడదు కదా. ఇంకో నెల ఆగి వస్తే నీకే హాయిగా ఉంటుందేమో ఆలోచించుకో. రావద్దని కాదు సుమా.

కోళ్లు ఏడూ క్షేమం. నువ్వు మరీ మరీ అడిగావు గనక ఒక్కోదాని సంగతీ రాస్తున్నాను. గొణుగుడమ్మ తెల్లారగానే గూట్లోంచి దిగి, అమ్మ దగ్గర ఉన్నప్పటిలాగే ఎవరిమీదో కోపమొచ్చినట్టు గొణుక్కుంటూ పెరడంతా ఒక చుట్టు చుట్టి వస్తుంది. హెడ్మాస్టరమ్మ గింజల పళ్లెం దగ్గర నిలబడి మిగతావాటిని అదుపులో పెడుతుంది. ఎర్రవి రెండూ ఎప్పటిలాగే ఒకదాన్ని విడిచి ఒకటి ఉండవు. కుంటిది అందరికన్నా వెనక వచ్చి, అందరికన్నా ఎక్కువ తింటుంది. నల్లపెట్ట పొదుగు మీద కూర్చుంది. మన దగ్గర పుంజు లేదు కదా, వెనకవీధి డ్రాయింగు మాష్టారి దగ్గర తొమ్మిది గుడ్లు అడిగి తెచ్చి దాని కింద పెట్టాను. దగ్గరికి వెళ్తే ఒళ్లంతా ఉబ్బించి బుస్సుమంటోంది.

మచ్చల మెడ కూడా బాగుంది. ఇప్పుడు వాటికి ఈకలు రాలే కాలం. పాతవి పోయి కొత్తవి వస్తున్నాయి. అందుకని నువ్వొచ్చేసరికి ఒకటీ అరా రంగు తేడాగా కనిపిస్తే కంగారుపడకు. మచ్చల మెడకైతే ఆ మచ్చ కాస్త పక్కకి జరిగినట్టు నాకే అనిపిస్తోంది.

మీ మరిది నిన్ను అడిగానని రాయమన్నారు. ప్రయాణం సంగతి ఆలోచించి రాయి. దుమ్ము మాత్రం నిజంగానే ఎక్కువగా ఉంది.

నీ
పిచిక


అక్కా,

మొన్నటి ఉత్తరం చించెయ్యి. పెరటి గోడకి ఎవరూ సున్నం వేయడం లేదు. దుమ్మూ లేదు. ఇది రాయడానికి పొద్దుటినుంచి మూడు కాగితాలు పాడుచేశాను. ఇదైనా చివరిదాకా రాయగలిగితే ఇంకోసారి చదువుకోకుండా పోస్టులో వేసేస్తాను. చదివితే మళ్లీ మనసు మారుతుందని భయం.

కోళ్లు ఏడు లేవు. మూడే ఉన్నాయి. హెడ్మాస్టరమ్మ, నల్లపెట్ట, కుంటిది. మిగతా నాలుగూ పోయి ఐదు నెలలైంది.

ఆ రోజు నాకు దుకాణానికి ఆలస్యమైంది. అంతకు ముందురోజే మా కళ్లజోళ్ల దుకాణం యజమాని అందరి ఎదుటా గడియారం చూసుకున్నాడు. పెరట్లో నీళ్లు పెట్టి, గింజలు చల్లి, చెయ్యి కడుక్కుని పరిగెత్తాను. బస్‌స్టాపులో నిలబడ్డాక అనుమానం వచ్చింది. పెరటి గేటుకి గడియ పెట్టానా లేదా? కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకోబోయాను. నా చెయ్యి గేటుమీద ఉన్నట్టు గుర్తొచ్చింది గానీ అది నిన్నటి చెయ్యో ఇవాళ్టి చెయ్యో తెలియలేదు. వెనక్కి వెళ్దామని రెండడుగులు వేశాను కూడా. బస్సు వచ్చింది. ఎక్కేశాను.

రోజంతా అద్దాలు అరగదీస్తూ అదే ఆలోచన. ఒక పెద్దాయన అద్దం తప్పుగా కోసి మళ్లీ చేశాను. సాయంత్రం నాలుగున్నరకి మా వీధి మలుపు తిరిగేసరికే గేటు జానెడు తెరుచుకుని కనిపించింది. కుక్కలు వచ్చి వెళ్లిపోయాయి. అంతకన్నా రాయలేను. ఈకలు గాలికి బట్టలారేసే తీగమీద కూడా చిక్కుకుని ఉన్నాయి. హెడ్మాస్టరమ్మా నల్లదీ గూటి పైకప్పెక్కి బతికాయి. కుంటిది ఎంతకీ కనిపించలేదు. చివరికి బట్టలుతికే బండ కిందనుంచి బయటపడింది. దాన్ని రొమ్ముకి హత్తుకుంటే దాని గుండె నా గుండెకన్నా వేగంగా కొట్టుకుంది. మీ మరిది గుంట తవ్వి నాలుగింటినీ పాతిపెట్టారు. ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

అదే వారం నీ ఉత్తరం వచ్చింది. ఆసుపత్రి ఉద్యోగంలో రోజంతా దుప్పట్లు మడతపెట్టి ఇంటికొచ్చాక కూడా కళ్లకి తెల్లటి దుప్పట్లే కనిపిస్తున్నాయనీ, నిద్ర పట్టడం లేదనీ, నా కోళ్ల కబుర్లు చదువుకుంటే మాత్రం రెండో పేజీ తిప్పేలోగా కునుకు పడుతోందనీ రాశావు. గొణుగుడమ్మ గురించి ఇంకా ఎక్కువ రాయమన్నావు. అప్పటికి అది మట్టిలో పడుకుని నాలుగు రోజులైంది అక్కా. నీకెలా చెప్పను? ఈ ఒక్కసారికి అనుకుని రాశాను. అబద్ధానికి పుంజు అక్కర్లేదు. దానంతట అదే పిల్లల్ని లేపుతుంది. పోయిన నెల కండక్టరు చేతికిచ్చి పంపిన డజను గుడ్లు కూడా అంగట్లో కొన్నవే. గోధుమరంగువి ఏరి, రెండింటికి కాస్త రెట్ట అంటించి, ఒక ఈక అతికించి పంపాను. నేనింత నేర్పరినని నాకే తెలియదు.

అసలు సంగతి కోళ్లు కాదు. అదీ రాసేస్తాను. అమ్మని పదకొండు నెలలు నువ్వు చూసుకున్నావు. నేను మూడుసార్లు వచ్చాను. దుకాణంలో సెలవివ్వడం లేదని చెప్పాను. నేను అడగనే లేదు. మొదటిసారి వచ్చినప్పుడు అమ్మ గాజులు మోచేతి దాకా జారిపోవడం చూశాను. ఆ తర్వాత రావాలనుకున్నప్పుడల్లా ఏదో ఒక పని కల్పించుకుని ఆగిపోయేదాన్ని. నా పిరికితనానికి నా యజమానిని అడ్డం పెట్టుకున్నాను. అందుకే అమ్మ పోయాక కోళ్లని నేను తీసుకెళ్తానన్నాను. నాలుగో అంతస్తులో నీకు వీలుపడదని కాదు. అమ్మని నువ్వు చూశావు, కోళ్లనైనా నేను చూడాలని.

ఇల్లు ఖాళీచేసిన రోజు నేను కోళ్లని గంపల్లో పెడుతుంటే నువ్వు గుమ్మంలో నిలబడి, "వీటికైనా గడియ వేయడం మరిచిపోకు" అన్నావు. నీకు గుర్తుందో లేదో. ఆ 'వీటికైనా' అన్న మాట బస్‌స్టాపులో నా చెవిలో మోగింది. అయినా బస్సెక్కాను.

నువ్వొస్తున్నావని తెలిశాక నిలవలేక ఆదివారం సంతకి వెళ్లాను. మచ్చల మెడని పోలిన పెట్ట కావాలి, మచ్చ ఎడమవైపే ఉండాలి, అరచేతిలో సగముండాలి అంటే, కోళ్లమ్మే ఆయన గంప మూసేసి, "అమ్మా, నీకు కావాల్సింది కోడా, పెళ్లికూతురా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. చివరికి మచ్చ కొంచెం కిందికున్నది ఒకటి కొన్నాను. ఇంటికి తెచ్చి వదలగానే హెడ్మాస్టరమ్మ దాన్ని మూలకి తరిమి తలమీద పొడిచింది. రక్తం వచ్చింది. ఇప్పుడు దాన్ని స్నానాలగదిలో పెట్టాను. తలుపు తీస్తే చాలు, బకెట్టు వెనక్కి దూరుతుంది. ఏ పాపం ఎరగని కోడి. నా అబద్ధానికి అది దెబ్బలు తింటోంది.

నిన్న మీ మరిది స్నానానికి వెళ్లి అది బకెట్టు వెనకనుంచి చూస్తుంటే బయటికి వచ్చేశారు. "దీని ఎదుట నాకు సిగ్గుగా ఉంది. వదినకి చెప్పెయ్. ఆవిడేమన్నా నిన్ను మింగేస్తుందా?" అన్నారు. మింగేస్తావని కాదు నా భయం. ఇక మాట్లాడవేమోనని.

నల్లపెట్ట పొదుగు మీద కూర్చున్న మాట మాత్రం నిజం. ఇది చదివాక కూడా రావాలనిపిస్తే రా.

పిచిక


పిచికా,

నీ ఉత్తరం మెట్ల దగ్గరే విప్పాను. లిఫ్టు పాడైంది. ఎక్కుతూ చదువుతూ రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య కూర్చుండిపోయాను. కింది ఫ్లాటు నర్సమ్మ వచ్చి కళ్లు తిరిగాయా అని అడిగింది. లేదమ్మా, చెల్లెలి ఉత్తరం అన్నాను. ఆవిడ అర్థమైనట్టు తలూపి పక్కనుంచి ఎక్కి వెళ్లింది.

కోపం వచ్చింది. రాలేదని రాస్తే నేనూ నీ దారిలో పడ్డట్టే. నాలుగు కోళ్లు పోయినందుకు కాదు, ఐదు నెలలు ఒక్కదానివే దీన్ని మోసినందుకు. గుడ్లు అంగడివని మొదటిది కొట్టగానే తెలిసింది. తవ్వుకుని పురుగూ పచ్చికా తినే కోడి గుడ్డుకి సొన అలా పాలిపోయి ఉండదు. ఈక అతికించిన చోట జిగురు కూడా కనిపించింది. అక్కడ ఏదో జరిగింది, చెప్పలేకపోతోంది అనుకున్నాను. అందుకే సెలవు పెట్టాను. నీ సున్నం, దుమ్ము ఉత్తరం వచ్చాక అనుమానం తీరిపోయింది. నీ మచ్చ పక్కకి జరగడం చదివి మాత్రం చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాను.

ఇప్పుడు నేను చెప్పాల్సింది ఉంది. మొహం చూస్తూ చెప్పలేను, అందుకే రాస్తున్నాను.

నువ్వు పాతిపెట్టింది అమ్మ గొణుగుడమ్మని కాదు. అమ్మ మచ్చల మెడనీ కాదు. ఆ రెండూ అమ్మ ఉండగానే పోయాయి, నా చేతిలో. ఎనిమిదో నెలలో అమ్మకి ఊపిరాడక ఆసుపత్రిలో చేర్చాను కదా. మూడు రోజులు అక్కడే ఉన్నాను. మంచి ఎండాకాలం. కోళ్లకి నీళ్లు పెట్టమని ఎవరికీ చెప్పలేదు. అవి ఉన్నాయన్న సంగతే మరిచిపోయాను పిచికా. తిరిగొచ్చేసరికి తొట్టి ఎండి అడుగు పగిలింది. రెండూ దాని పక్కనే పడి ఉన్నాయి. మిగతావి ఎలా బతికాయో నాకు తెలియదు. అమ్మని కిటికీ పక్క మంచంమీద పడుకోబెట్టగానే మొదటి మాట, "గొణుగుడమ్మ ఏదే?" అంది. గూట్లో ఉందన్నాను. మర్నాడు మందులకని చెప్పి సంతకి వెళ్లాను. నీలా మచ్చ కొలతలు కూడా చూడలేదు. రంగు కలిస్తే చాలని రెండు తెచ్చి పెరట్లో వదిలాను.

అమ్మ ఒక పూటంతా కిటికీలోంచి చూసింది. సాయంత్రం నేను దుప్పటి మారుస్తుంటే, "అది నాది కాదే. మాట్లాడటం లేదు" అంది. "ఎప్పుడు పోయింది?" అని అడిగింది. చెప్పాను, నీళ్ల సంగతి కూడా. తిడుతుందనుకున్నాను. కాసేపు ఊపిరి కూడదీసుకుని, "నా కోసం సంతంతా వెతికావా? నీకెంత పని పెట్టానే" అంది. అంతే. నా చెయ్యి పట్టుకుని నిద్రపోయింది.

అందుకే గుమ్మంలో ఆ మాట అన్నాను. నీకు కాదు, నాకు నేను చెప్పుకున్నాను. ఎదురుగా నువ్వున్నావు, నీ మీద పడింది. ఇన్నాళ్లు అది నీ చెవిలో ఉందని నాకు తెలియదు.

నీ ఉత్తరాలు చదివి ఎందుకు నిద్రపట్టేదో కూడా చెప్పాలి. సంతలో కొన్నది ఎప్పుడూ గొణగలేదు. మూగది. నువ్వు మాత్రం నన్ను ఊరడించడానికో ఏమో, మొదటినుంచీ అది గొణుక్కుంటూ పెరడంతా తిరుగుతోందని రాసేదానివి. నేను నీళ్లివ్వక చంపినది నీ కాగితంమీద బతికి తిరిగేది. అబద్ధమని నాకు తెలుసు. అయినా ఇంకా రాయమని అడిగాను. అంటే నీ అబద్ధానికి గింజలు వేసింది నేనే.

మూడుసార్లే వచ్చిన సంగతి వేరు. అది నాకింకా నొప్పిగానే ఉంది. లేదని రాయను. ఒంటరిగా అమ్మని పక్కకి తిప్పలేక ఏడ్చిన రోజులున్నాయి. దాని గురించి కూర్చుని మాట్లాడుకోవాలి. నువ్వు ఏడుస్తావు, నేనూ ఏదో అంటాను, మళ్లీ కలిసి కూర్చుని అన్నం తింటాం. పది రోజులున్నాయి.

ముందు ఆ కొత్తదాన్ని స్నానాలగదిలోంచి బయటికి తియ్యి. పెరట్లోనే గంప కింద పెట్టు, ఒకదాన్నొకటి చూసుకోవాలి గానీ పొడుచుకోకూడదు. పక్కనే మిగతావాటికి గింజలు వెయ్యి. వారం పోతే హెడ్మాస్టరమ్మే దానికి చోటిస్తుంది. తలమీద దెబ్బకి పసుపు పెట్టు. మా మరిదిని ధైర్యంగా స్నానం చేయమను.

శుక్రవారం నాలుగు గంటల బస్సుకి దిగుతాను. స్టాపుకి రానక్కర్లేదు, దారి తెలుసు. ఆ కొత్తదాన్ని మచ్చల మెడ అనకు. గొణుగుడమ్మా అనకు. పది రోజులు దాని ఎదురుగా కూర్చుని అదెలాంటిదో చూద్దాం. పేరు అప్పుడు పెడదాం.

అక్క