మత్తెక్కినంకనే పన్ను ముట్టాలె

బావా,

పప్పుచారు పొయ్యి మీద ఉన్నది, లేవంగనే వేడి చేసుకొని తిను. పదింటికి నల్లా వస్తది, డ్రమ్ము నింపు. నేను ఇంకో పన్ను పీకించుకోను పండ్ల డాక్టరు దగ్గరికి పోతాన. పక్క క్వార్టరు శైలజక్క తోడొస్తాంది.

పోయినసారి సూది ఇచ్చి, మత్తు ఎక్కకముందే పన్ను గుంజిండు. నాకు ఈ ఒళ్లునొప్పుల జబ్బు, ఫైబ్రోమయాల్జియా ఉన్నదని, మత్తు జర ఆలస్యంగ ఎక్కుతదని ఇయ్యాల ముందే చెప్త. బొగ్గు బాయిల నువ్వు పైకప్పును కట్టెతోని కొట్టి, సప్పుడు ఇని, గట్టిగున్నదని తెలిసినంకనే దాని కిందికి పోతవు గద. ఆయన గూడ చిగుళ్లను గుచ్చి చూసి, నన్నడిగినంకనే పట్టకారు పట్టాలె. లేకుంటే కుర్చీల నుంచి లేచొస్త.

వచ్చినంక రెండు దినాలు ఒళ్లంత పచ్చిపుండు లెక్క ఉంటది. వంట నువ్వే చెయ్యాలె.

సమ్మక్క

నైట్ డ్యూటీ చేసొచ్చినవని లేపలేదనుకోకు. పోయినసారి నేను కుర్చీల ఏడుస్తాంటె డాక్టరు నన్నడుగలే, నిన్నడిగిండు. "ఆమెకు ఎప్పుడూ ఏదో ఒక నొప్పే సార్, మీరు కానియ్యిండ్రి" అన్నది నువ్వే.