కోడలి వివరణ

తెనాలి,
బుధవారం.

చిరంజీవి అజయ్ బాబుకు,

దేవుని దయవల్ల ఇక్కడ ఆరోగ్యాలు బాగానే ఉన్నాయి. పిటిషన్ నకలుతో పాటు నువ్వు రాసిన ఉత్తరం అందింది. అమ్మ మోకాలి నొప్పి గురించి అడిగావు. తగ్గింది గాని, మెట్లు ఎక్కలేకపోతోంది. హోసూరు చలికి నీ దగ్గు ఎలా ఉందో రాయలేదని ఆ రోజంతా సణిగింది. ఫోనులో సింధు పేరెత్తగానే పెట్టేస్తున్నావు. అందుకే నేనూ కాగితం పట్టుకున్నాను.

పురుషుల హక్కుల సంఘం వాళ్ళు ఆదివారం ఇక్కడ పెట్టే సభకు హాలు దొరికింది. నన్ను మాట్లాడమన్నావు, మాట్లాడతాను. భార్య విడిపోయినా తండ్రికి బిడ్డను చూసుకునే హక్కు ఉండాలన్నది న్యాయమైన మాట. ఇన్నేళ్ళూ ఆడవాళ్ళ మీద దాడుల వార్తలు రాశాను. ఈ మాట అనడానికి అది అడ్డు కాదు. సమానత్వంలో ఇదీ భాగమే.

ఇక రెండో సంగతి. నెలకోసారి పాప షారోనును బాపట్ల కోర్టు ఆవరణకు తెచ్చి చూపించాలని ఉత్తర్వు ఉన్నా, పోయిన నెల సింధు తీసుకురాలేదని పిటిషన్ వేశావు. నన్ను సాక్షిగా చూపించావు. ఆ రోజు నీ పక్కనే లోపల కూర్చున్నాను. ఆమెను మనం చూడలేదు, నిజమే. చూడకపోవడం వేరు, రాకపోవడం వేరు. ఎవరి మీద ఆరోపణ వచ్చినా వాళ్ళ వివరణ తీసుకోకుండా నేను వార్త రాసింది లేదు. అదే అలవాటుతో శుక్రవారం సింధు ఉంటున్న రేపల్లెకు బస్సెక్కాను. పాప బడికి వెళ్ళింది.

సింధు నన్ను గుమ్మంలోనే ఆపింది.

"మామయ్యగా వచ్చారా, విలేకరిగా వచ్చారా?"

"విలేకరిగానేనమ్మా."

"అయితే కూర్చోండి. మామయ్యగా వస్తే ఇటునుంచి ఇటే పంపేదాన్ని. ఆ రోజు పాపను తీసుకొచ్చానండి. గేటు దగ్గర నలుగురు ఫోన్లు ఎత్తి వీడియో తీశారు. 'ఇటు తిరగవమ్మా, తండ్రిని దూరం చేసిన మహాతల్లీ' అని కేకలు. పాప నా చున్నీలో మొహం దాచేసుకుంది. ఇంకేం చెయ్యను? వెనక్కి తెచ్చేశాను."

అది ఒక పక్షం మాట. మర్నాడు సంఘం కార్యదర్శి రవిశంకర్‌ను అడిగాను. అతను నవ్వాడు.

"మావాళ్ళేనండి. మీరిద్దరూ లోపలున్నారు కదా. మీవాడు మెత్తనోడండి, చెప్తే కరిగిపోతాడని చెప్పలేదు. ఆ వీడియో సభలో వేద్దామని దాచాం."

ఫోను తీసి చూపించాడు. సింధు చెప్పినట్టే ఉంది. కేకల మధ్య షారోను "నాన్న ఏడీ?" అని అడగడం కూడా వినబడింది. సభలో అది వెయ్యొద్దన్నాను.

"ఏంటి సార్, కోడలి తరఫు వకాల్తా పుచ్చుకున్నారా?" అన్నాడు.

నువ్వు అబద్ధమాడలేదు. నీకు తెలియదు. కాని పిటిషన్‌లో ఉన్న మాట నిజం కాదు.

ఇంతసేపూ రాయడానికి వెనకాడింది ఇది. ఆ సాయంత్రమే సింధుకు ఫోను చేసి మాటిచ్చాను. నువ్వు పిటిషన్ వెనక్కి తీసుకోకపోతే, నువ్వు పిలిచిన సాక్షిగానే బోనెక్కి, ఆమె వచ్చిందని చెబుతాను. సభలోనూ చెబుతాను. "కన్నకొడుకు మీదా మీ రిపోర్టింగు?" అంది అమ్మ. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. ఎదురుగా నువ్వు కూర్చుని ఉంటే ఆ మాట నా నోట వస్తుందా అని నాకూ భయంగానే ఉంది.

వచ్చే నెల పాపను మళ్ళీ బాపట్ల తీసుకొస్తానంది సింధు. నువ్వు ఒక్కడివే రావాలట. సంఘం వాళ్ళు వద్దంది. ఫోను పెట్టేసే ముందు, "మీరూ వద్దు మామయ్యా" అంది.

నేను మనవరాలిని చూసి ఆరు నెలలు దాటింది. అయినా సరేనన్నాను. నేను రాను. నువ్వు వెళ్ళు.

ఇట్లు,
మీ నాన్న
శాలేమురాజు