ఇప్పపూల గుమ్మిలో దాచిన బాజా

నాగమ్మా, మన రాములు జగదల్‌పూర్‌ల రాజుగారి ముందట బాజా ఊదిండే! నా కండ్లతో చూసిన, నా చెవులతో విన్న...

బాగున్నవా అక్కడ? నువ్వు పోయి రెండు వానకాలాలు దాటినయి. ఇంత సంతోషం మోసుకొచ్చిన, చెప్పుకుందామంటే ఇంట్లో నువ్వు లేవు. నీతో పోట్లాట కూడా ఉన్నది. ముందు సంతోషం రాస్త.

రాములు కట్టెల డిపోల లెక్కలు రాసే మునిషీ పని చేస్తుండనే కదా నువ్వు నాకు చెప్పింది? మొన్న వాడు రమ్మని కబురంపితే, డిపో చూసొద్దామని టేకు దుంగల లారీ ఎక్కి పోయిన. వాడు డిపోకు తీసుకపోలే. పెద్ద షామియానా కింద ముందు వరసల నన్ను కూసోబెట్టి మాయమైండు. కాసేపటికి ఎర్రకోటు తొడుక్కొని, మెడల ఇత్తడి బాజా వేలాడేసుకొని వేదిక ఎక్కి నిలబడ్డడు, నా కొడుకు!

శాక్సోఫోన్ అంటరట దాన్ని. ఏనుగు తొండం లెక్క కిందికి వంగి మళ్ల పైకి లేస్తది. వాడితోటి కలిపి ఏడుగురు, అందరికీ అవే బాజాలు. చేతిల ఇమిడేది ఒకటైతే, ఇంకోటి మనిషి నడుముదాకా ఉన్నది. ముందు దొరల కవాతు పాట, ఆ మీద రాముని కీర్తన, హిందీ భజన, అక్కడోళ్ల హల్బీ భాషల పెండ్లి పాట. పెండ్లి పాటకు వెనకున్న ఆడోళ్లు లేచి ఆడిండ్రు. నాకు ఆగలే. పక్కనున్న జవాను భుజం పట్టి ఊపి, వాడు నా కొడుకని చెప్పిన. ఆయనకు తెలుగు రాదు, అయినా తలూపిండు పాపం.

ఇగ విను. పాటకూ పాటకూ నడుమ రాములు ఒక గ్లాసు నీళ్లల్లోంచి సన్నని బద్ద తీసిండు. నోట్ల పెట్టి తడిపి బాజా మూతికి బిగించిండు, అది ఉంటేనే మోగుతదట.

ఆ బద్ద నేనెరుగుదును నాగమ్మా! వాడు ఇంటికొచ్చినప్పుడల్లా పొయ్యి పక్కన గ్లాసుల నానేది అదే. ఏందే ఇది అంటే ఏమన్నవు నువ్వు? "దోర్ల తెగ వెజ్జు ఇచ్చిన నాటుమందు చెక్క. నీ మోకాళ్లకే."

ఆ నీళ్లు ఎన్నిసార్లు తాగిన్నో! కొడుకు ఎంగిలి బద్ద నానిన నీళ్లు... గ్లాసు ఎత్తుతుంటే చూసుకుంట నిలబడి, నవ్వు కూడా రానియ్యకుండ "తగ్గిందా?" అని అడిగేదానివి. తగ్గిందనే చెప్పేటోన్ని. నిజంగనే తగ్గింది. దోర్నపాల్ బావకు కూడా ఒక సీసా పంపిన.

ఆఖరున వాళ్లు నీ నాట్లపాట ఎత్తుకున్నరు. మడిల వంగి నువ్వు పాడేదే. ఏడు బాజాలు ఒక్కసారి నీ గొంతు పట్టినయి... నేను ఏడ్చిన. సంతోషానికా, నువ్వు చేసిన మోసానికా?

ఆట అయినంక వాడు అన్నీ చెప్పిండు. నేను పొలం పోంగనే వాణ్ని శబరి ఏటి ఒడ్డుకు బాజా నేర్చుకోనీకి పంపేదానివట. వాడొచ్చినంక బాజాను ఎండిన ఇప్పపూలు నిల్వజేసే గుమ్మిల పూడ్చి, మీద పూలు పోసేదానివట. ఆ గుమ్మికి ఆనుకొనే కదే నేను రోజూ అన్నం తిన్నది!

మా అన్న సన్నాయి ఊది ఊది నెత్తురు కక్కి పోయిండు. అందుకే ఈ ఇంట్లో ఊదే వస్తువు వద్దని నేను చెప్పిన. భయంతో అన్న మాట అది. నీకు తెల్వదా? వద్దన్నోన్ని ఒప్పించొచ్చు, ఏడ్వొచ్చు, అలిగి పుట్టింటికి పోవచ్చు గద. అవేమీ చెయ్యకుండ నన్ను పరాయోన్ని చేసినవు. బాజా విరగ్గొడతననుకున్నవా? విరగ్గొట్టేటోన్నేనా?... అడిగి చూడాల్సింది నాగమ్మా.

పండుగకు వాడొస్తడు. బద్ద నేనే నానబెడత, మాటిస్తున్న. వాకిట్ల కూసోని ఊదుమంట, ఊరంత వినేటట్టు. కానీ మోకాళ్లు మళ్ల పట్టేసినయి. ఇప్పుడు ఏం తాగాలె నేను?

ఇగ చుట్టాలకు కబురు చెయ్యాలె. వాడు ఊదుతడని వాళ్లందరికీ ముందే తెలుసట, నేనొక్కన్నే మిగిలిన్నట. నాకూ తెలిసిందని చెప్పాలె. దోర్నపాల్ బావకు, ఆ సీసా పారబొయ్యమని. కొంటల మీ పెద్దక్కకు. ఎర్రబోరుల మా చెల్లె సీతకు. గుమ్మి మోయనీకి వచ్చి, లోపల బాజా ఉన్నదని తెలిసే మూత తియ్యకుండ పోయిన నీ తమ్మునికి. వాళ్లందరికన్న ముందు, నీకు.