బర్నర్ నొక్కాక ఆగాలి

మార్చి 1, ఆదివారం
నిర్ణయం తీసేసుకున్నాను! హాట్ ఎయిర్ బెలూన్ పైలట్ అవుతాను. జావా కోడ్ రాసే జితేందర్ అన్న పేరు ఇక చాలు. టెక్సాస్‌లో మా ఊరు ఫ్రిస్కో అవతల పొలాల్లో బెలూన్ నేర్పే డార్లీన్ అనే డెబ్బై ఏళ్ల ఆవిడ దగ్గర చేరాను. సిద్ధాంతం పది నిమిషాల్లో అర్థమైపోయింది. లోపలి గాలి వేడెక్కితే తేలికవుతుంది, పైకి లేస్తుంది. ఇంతేనా!

మా ఆవిడ అంకిత: "ముప్పై సెకన్ల మైక్రోవేవ్ ఆగేదాకా నిలబడలేవు నువ్వు. నీకు బెలూన్ కావాల్నా?"

మూడో క్లాసు చదివే మా అవని మాత్రం ఎగిరి గంతేసింది.

మార్చి 3
అవని స్కూల్లో ఇరవై ఏడున కెరీర్ డే, అమ్మానాన్నలొచ్చి తమ ఉద్యోగాల గురించి చెప్పే రోజు. "మై డాడ్ ఈజ్ ఎ బెలూన్ పైలట్" అని టీచర్‌కి చెప్పేసిందట! నేను వచ్చి మాట్లాడాలట. ఆలోపు ఒక్కసారైనా నా చేత్తో బెలూన్ నడపాలి. లేకపోతే పిల్ల పరువు పోతుంది. నాదంటే పోవడం అలవాటే.

మార్చి 8, ఉ. 4:00
లేచాను! స్నానం, కాఫీ. సంచిలో కొబ్బరికాయ, నాలుగు నిమ్మకాయలు. పూజ చేయకుండా కొత్త బండి ఎక్కుతామా?

ఉ. 9:00
ఎగరలేదు. గాలి ఎక్కువట. బెలూన్ కింద మనం నిలబడే బుట్టకి చక్రాలే లేవు, నిమ్మకాయలు దేని కింద పెట్టాలి? డార్లీన్ టీలోకి పనికొస్తాయని పట్టుకెళ్లింది.

మార్చి 15
ఎగిరాం! దీనికి స్టీరింగ్ లేదు. ఒక్కో ఎత్తులో గాలి ఒక్కో దిక్కుకి వీస్తుంది. మనకి కావలసిన గాలి ఏ ఎత్తులో ఉందో వెతుక్కోవాలి, అంతే. బర్నర్ నొక్కితే మంట వెంటనే వస్తుంది గానీ బెలూన్ కాసేపటికి గానీ లేవదు. "బర్న్. దెన్ వెయిట్," అంది డార్లీన్. నొక్కాను. కదల్లేదు. మళ్ళీ నొక్కాను. ఇంకోసారి. మూడింటి ఫలితం ఒకేసారి వచ్చింది! ఆవిడ నా చేతి మీద ఒక్కటిచ్చి బర్నర్ లాక్కుంది.

తప్పు నాది కాదు. బెలూన్ స్లో.

మార్చి 18
ఓపిక ప్రాక్టీసు. దోశ కాలేదాకా కదపకూడదు. మొదటి మూడూ చిరిగాయి. నాలుగోది అంకిత వేసింది.

మార్చి 20
ఆఫీసు పని. ప్రాక్టీసు లేదు. అయినా ఓపిక పుట్టుకతో రావాలి గానీ దోశలతో వస్తుందా?

మార్చి 22
అయ్యో. అయ్యయ్యో.

దిగాలంటే తాడు లాగి, పైనున్న కంతలోంచి వేడి గాలి వదలాలి. లాగాను. దిగలేదు. గట్టిగా లాగాను. డార్లీన్ "వెయిట్!" అనేలోపే జారిపోయాం. దిగింది ఎక్కడ? మనవాళ్ల క్రికెట్ మ్యాచ్ మధ్యలో! బంతి వచ్చి బుట్టకి తగిలింది.

"ఫోర్ రా!" అన్నాడు బ్యాటింగ్ చేస్తున్న మా వీధి దివాకర్.

"ఏం ఫోర్? డెడ్ బాల్ బ్రో!" అన్నాడు బౌలర్.

నేను బతికున్నానా అని ఒక్కడూ అడగలేదు. వీడియో మాత్రం అందరూ తీశారు. అందులో నేను "అమ్మా!" అని అరవడం చక్కగా వినిపిస్తోంది.

మార్చి 23
వీడియో అవని క్లాసు తల్లుల వాట్సాప్ గ్రూప్‌లోకి చేరింది. బెలూన్ మానేశాను. ఇదే ఫైనల్. కెరీర్ డేలో జావా గురించి చెబుతాను.

అవని టిఫిన్ ముట్టకుండా స్కూల్‌కి వెళ్లింది. ప్రాణం ఉసూరుమంది.

మార్చి 27
పిల్లలకి నిజం చెప్పేశాను. నేను పైలట్‌ని కాను, నేర్చుకోబోయి బోల్తా పడ్డవాణ్ణి. అందరూ వీడియో చూసే ఉన్నారు. ఆ "అమ్మా" ఇంకోసారి అరవమన్నారు. అరిచాను. క్లాసంతా చప్పట్లు! అవని ముందు తల దించుకుంది, తర్వాత పడీపడీ నవ్వింది. హమ్మయ్య, పిల్ల నవ్వింది. నాకది చాలు.

అక్కడితో ఇంటికొచ్చేయాల్సింది. స్కూల్ గుమ్మం దగ్గర ప్రిన్సిపల్ ఎదురైంది. తనకి ఎప్పటి నుంచో బెలూన్ ఎక్కాలని ఉందట. "కుడ్ యూ ప్లీజ్..." అని మొదలుపెట్టింది.

"ష్యూర్! మేలో తీసుకెళ్తా!" అని ఇంగ్లీషులో గడగడా అనేశాను. పక్కనున్న అవని మొహం వెలిగిపోయింది. ప్రిన్సిపల్ మొహం పాలిపోయింది.

ఆవిడ అడగబోయింది నేను క్లాసులో చెప్పిన డార్లీన్ ఫోన్ నంబరట.

మార్చి 28, ఉ. 4:00
లేచాను! మళ్ళీ మొదలు. ఈసారి ఖాయం, మేలోపు పైలట్! డార్లీన్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. వెంటనే ఇంకోసారి చేశాను. ఇది రాస్తూ నాలుగోసారి చేస్తున్నాను.