అడగకుండా కాల్చిన పక్కటెముకలు

ఏప్రిల్ 2, మంగళవారం

పెళ్లయిన దగ్గర్నుంచీ మా యూదుల పస్కా పండగ రాత్రి భోజనం అత్తగారింట్లోనే. తోడల్లుడు మెండీ చేప వండి తెస్తాడు. అందరూ ఆహా ఓహో అంటారు. నేను సోడా సీసాలు తీసుకెళ్తాను. సోడాని ఎవరు మెచ్చుకుంటారు?

నిర్ణయం: ఈసారి పక్కటెముకలు నేనే కాలుస్తాను. ఆ బల్ల మీద నా పేరుతో ఒక వంటకం ఉండి తీరాలి.

రెండో నిర్ణయం: ఎవర్నీ ఒక్క మాట అడగను. అడిగితే సగం పేరు వాళ్లకే పోతుంది.

పండగకి పులిసిన రొట్టె ఇంట్లో ఉండకూడదని మూలమూలా తునకలు ఏరుతున్న నా భార్య పెర్ల్‌కి చెప్పాను. "అమ్మనొకసారి అడుగు హెషీ," అంది.

"అడగను."

"సరే. తర్వాత నా నెత్తి మీదకి తేకు."

అత్తగారికి ఫోన్ చేసి మాంసం నాదే అని చెప్పాను. "అలాగే నాయనా. వస్తూ వస్తూ సోడా కూడా తే," అన్నారు.

ఏప్రిల్ 4, గురువారం

మాంసం కొట్టు. మా ఆచారం ఒప్పే కోషర్ మాంసం కోయడంలో లీపాది అందెవేసిన చెయ్యి. నోరు మాత్రం ఊరుకోదు.

"ఎముక వెంబడి కోయనా, అడ్డంగా కోయనా?"

ఏది మంచిదో తెలీదు. అడగకూడదు కదా. "మామూలుగా," అన్నాను.

"మామూలంటే?"

"మీరెప్పుడూ కోసినట్టే."

అడ్డంగా కోశాడు. ఎముకలు గుండీలంత అయ్యాయి. పోనీలే, తినడానికి సులువు.

"ఇంతకీ పస్కా రాత్రికా, మర్నాడు మధ్యాహ్నానికా?" అన్నాడు పొట్లం కడుతూ. ఎప్పుడు తింటే వీడికెందుకు? జవాబు చెప్పకుండా వచ్చేశాను.

ఏప్రిల్ 8, సోమవారం

మొదటి ప్రయోగం. అద్భుతం. ఆవపిండి, సోయా సాస్, మొక్కజొన్న పాకం పట్టించి వెనక వరండాలో కాల్చాను. పెర్ల్ కళ్లు మూసుకుని తింది. వేళ్లు కూడా నాకింది.

తర్వాత కళ్లు తెరిచి, "ఆవాలు పస్కాకి పనికిరావు. సోయా పనికిరాదు. మొక్కజొన్న అసలే పనికిరాదు," అంది.

"మరేం మిగిలినట్టు?"

"ఉప్పు."

(ఇది అడిగినట్టు కాదు. తనంతట తనే మొదలుపెట్టింది.)

ఇంకో కష్టం. మాంసం తిన్నాక ఆరు గంటలు పాలు ముట్టకూడదు. నేనేమో గంటకోసారి రుచి చూస్తున్నాను. పొద్దుట్నుంచీ పాల కాఫీ లేదు, తల పగిలిపోతోంది. గొప్ప వంటవాళ్లందరూ ఇలాగే త్యాగాలు చేసి ఉంటారు.

ఏప్రిల్ 14, ఆదివారం

రెండో ప్రయోగం. మాడింది. తప్పు నాది కాదు. గాలిది. బ్రూక్లిన్‌లో గాలి ఎప్పుడు ఎటు తిరుగుతుందో ఎవరికి తెలుసు?

పొగకి కింద వాటా టెనెన్‌బామ్ ముసలావిడ కిటికీ తెరిచి, "ఏం హెషీ, యెరూషలేములో ఆలయం మళ్లీ కట్టేశారా? బలులు మొదలుపెట్టావు?" అని అరిచింది. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకోకుండా కాస్త ఆలోచించాల్సింది.

ఏప్రిల్ 21, ఆదివారం

పాత కుంపటికి ఆవాలు, మొక్కజొన్న అంటాయి కనక పస్కాకని కొత్తది కొన్నాను. ఖరీదు విన్న దగ్గర్నుంచీ పెర్ల్ మాట్లాడటం లేదు.

కానీ కుదిరింది. ఉప్పు, వెల్లుల్లి, తేనె. అంతే. ఒక్క చుక్క నీళ్లు తగలనివ్వలేదు. నిప్పు మీదే కాలి, ఎముక నుంచి ఊడి వస్తోంది. మెండీ, నీ చేప పని అయిపోయింది.

ఏప్రిల్ 22, సోమవారం, సాయంత్రం

అత్తగారి వంటింట్లో నిలబడి రాస్తున్నాను. అత్తగారు మూత తీసి చూశారు.

"హెషీ, ఇది కాల్చిందా?"

"అవునత్తయ్యా. చుక్క నీళ్లు లేకుండా."

ఆవిడ మూత మళ్లీ పెట్టేశారు. మామగారిని పిలిచారు.

"ఈ రాత్రి కాల్చిన మాంసం మనవాళ్లు తినరయ్యా," అన్నారాయన మెల్లగా. "ఆలయం ఉన్న రోజుల్లో ఈ రాత్రే బలిగొర్రెను కాల్చి తినేవాళ్లు. ఆలయం లేదు కనక ఆ పోలికే వద్దంటారు. మీ ఇంట్లో మాత్రం ఎప్పుడైనా తిన్నావా?"

ఆలోచించాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఈ రాత్రి తిన్నది ఉడికిన మాంసమే. ఎందుకని ఏనాడూ అడగలేదు.

పెర్ల్ గబగబా మా మతగురువు రబ్బీకి ఫోన్ చేసింది. నీళ్లు పోసి బాగా ఉడికిస్తే తినొచ్చన్నారట. అత్తగారు పెద్ద గిన్నె దించారు. ఉల్లిపాయలు, క్యారెట్లు, నీళ్లు. ఇన్నాళ్ల నా కష్టం బుడుంగుమని మునిగిపోయింది.

పొద్దు గుంకుతోంది. పండగ రెండు రోజులూ కలం ముట్టకూడదు. అదొక్కటే అదృష్టం.

ఏప్రిల్ 25, గురువారం

సోమవారం రాత్రే గిన్నె ఖాళీ అయింది. ఎముకలు కూడా పీల్చేశారు.

"అత్తయ్యా, ఈ ఏడు మాంసం మహా బాగుంది. ఏం చేశారు?" అన్నాడు మెండీ.

అత్తగారు నావైపు చూశారు. అబద్ధం ఆడే మనిషి కాదావిడ. "నీళ్లు పోశానంతే," అన్నారు.

"కాల్చింది హెషీ," అంది పెర్ల్.

"అదా సంగతి! ఎక్కడో మాడు వాసన వస్తోందనుకున్నాను," అన్నాడు మెండీ.

అంతకుముందే, ఆ రాత్రి చదివే ఐగుప్తు విడుదల కథలో నలుగురు కొడుకుల ఘట్టం వచ్చినప్పుడు, నాలుగోవాడు "అడగడం రానివాడు" అన్నచోట మామగారు పుస్తకంలోంచి తలెత్తి నన్నే చూశారు. అప్పుడు ఆపుకున్నది మెండీ మాటకి ఆగలేదు. నిజంగానే ఏడ్చాను. ఆ రాత్రి ఆచారంగా తినే చేదు కూర ఘాటనుకుని అందరూ మంచినీళ్లు అందించారు.

సరే. అయిందేదో అయింది.

కొత్త నిర్ణయం: ఏడు వారాల్లో వారాల పండగ. ఆ రోజు ఏ ఇంట చూసినా చీజ్ కేకులు, పాల వంటలే. మాంసం జోలికి ఎవరూ పోరు. అంటే పోటీయే లేదు. పక్కటెముకలు నేనే కాలుస్తాను.

ఎందుకు పోరో నాకు తెలీదు. ఎవర్నీ అడగను.