బొప్పాయి పాలు, చెంచా

ఆళ్లగడ్డ, మార్చి 1983

ఈ రోజు కూడా పళ్లేల్లో బొప్పాయి పాలు తగ్గాయి. పచ్చికాయలకు గాట్లు పెట్టి, కారిన పాలను ఎండబెట్టి నంద్యాల ఏజెంటుకు పంపుతాం. మాంసాన్ని కరిగించే ఎంజైము అందులో ఉందని, అరుగుదల మందుల్లో కలుపుతారని ఆయనే చెప్పాడు. వట్టి చేత్తో ముట్టుకుంటే మన తోలునూ తినేస్తుంది.

పొద్దున తోటపని చేసే సుబ్బన్నను నిలదీశాను.

"నేను దొంగతనంగా తీసింటే నా ఏళ్లు ఇట్లుంటాయా అప్పా?" అని చేతులు చాపాడు. నున్నగానే ఉన్నాయి. రోజూ ఆముదం రాసుకుని పనిలో దిగేవాడి చేతులు నున్నగా కాక ఎలా ఉంటాయి? నాకు నమ్మకం కుదరలేదు.

రాత్రి అన్నానికి కూర్చున్నాం. తోట వైపు తొంగి కూడా చూడని మా తమ్ముడు ప్రసాదు వేళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

"చెయ్యికేమైందిరా?"

"ఏంలేదన్నా, సైకిల్ చైనులో పడింది."

చైను ఒక వేలిని కోస్తుంది. వాడికి అయిదు వేళ్ల కొసల్లోనూ తోలు ఊడి ఎర్రగా ఉంది. పచ్చడి కారం తగిలితే అల్లాడిపోవాలి. తగలనివ్వలేదు, చెంచాతో తిన్నాడు.

మా ఇంట్లో చెంచాతో అన్నం తిన్నవాళ్లు లేరు. వాడు అడగనూ లేదు. నా భార్య సరోజే ముందుగా తెచ్చి వాడి కంచం పక్కన పెట్టింది.