డిస్కు మీద బొట్టు

ఆదివారం, దసరా తెల్లారి

ఆరు నెలలు శేరిగూడ గుట్టల మీద సైకిల్ తొక్కి తయారైన. ఇయ్యాల పొద్దుగాల ఆరింటి రేసుల మొదటి చుట్టే దాటలే. గుట్ట దిగేటప్పుడు రెండు బ్రేకులు ఎంత వత్తినా పట్టలే. పోయి తుమ్మ చెట్లల్ల పడ్డ. అందరు దాటుకుంట పోతుంటే సైకిల్ నూకుకుంట కిందికొచ్చిన.

సూస్తే చక్రాల నడిమి బ్రేకు డిస్కులకు నూనె. నిన్న దసరా పూజల బాపు పెట్టిన బొట్లు. రాలిపోవద్దని కుంకుమ నూనెల కలిపిండట. పొద్దుగాల చీకట్ల నాకు కనవడలే. డిస్కుకు నూనె అంటితే బ్రేకు పట్టదని ఎవరికి తెల్వదు?

ఇంటికొచ్చి మస్తు లొల్లి చేసిన.

"డిపోల ముప్పై ఏండ్లు బస్సులకు బొట్టు పెట్టిన. ఒక్క బ్రేకు ఫెయిల్ కాలే" అన్నడు బాపు, నా మోచేతికి మందు రాసుకుంట.

బస్సుకు అద్దానికి పెడ్తరు గని బ్రేకుకు పెడ్తరా? గదే అడిగిన.

"యాడ పెట్టాలెరా అని నిన్ననే అడిగిన. ఫోన్లకెళ్లి తల ఎత్తకుంట, యాడనన్న పెట్టు బాపు అన్నవ్."

అవ్, గట్లనే అన్న. గప్పుడు నేను ఫోన్ల సూస్తున్నది, డిస్కులకు నూనె అంటకుంట ఎట్ల సూసుకోవాల్నో చెప్పే వీడియో.